పాటల నోటుబుక్కులు దాచుకుని రిజిస్టర్లు తూకానికి వేస్తామంటున్నారు, కాస్త ఆగండి

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. హనుమకొండలో పాటలకు వరసలు కట్టేవాళ్ళూ హార్మోనియం మాస్టార్లూ కలిసి ఎప్పుడో పెట్టుకున్న సంఘం. పాత తరం దాదాపు వెళ్ళిపోయింది. అద్దె గది ఖాళీ చేయాలి. రెండు బీరువాల్లో స్వరాలు రాసిన నోటుబుక్కులు, తీర్మానాల పుస్తకాలు, రసీదు బుక్కులు, వోచర్ల కట్టలు, క్యాసెట్లు, కొన్ని స్పూల్ టేపులు, ఎవరికీ అర్థం కాని ఉర్దూ కాగితాల మూట ఉన్నాయి. నోటుబుక్కులు ఫోన్‌తో స్కాన్ చేసి, క్యాసెట్లు ఎంపీత్రీలుగా మార్చి యూట్యూబ్‌లో పెట్టాలని, మిగతా 'ఆఫీసు కాగితాలు' తూకానికి వేయాలని కమిటీ అనుకుంది. ఇది సరేనా, అసలు సరుకు ఎవరికి అప్పగించాలి అని అడిగారు.

నేను లైబ్రరీలో, ఆ తర్వాత రికార్డు గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాటక సమాజాలు, భజన మండళ్ళు, ఉద్యోగ సంఘాల సాంస్కృతిక విభాగాలు వదిలేసిన కాగితాలు చాలానే సర్దాను. సూటిగా చెప్తున్నాను: దేన్నీ తూకానికి వేయకండి. రెండింట్లో ఒకటే మిగుల్చుకోగలం అంటే నేనైతే తీర్మానాల పుస్తకాన్నే ముందు కాపాడతాను. వింతగా అనిపిస్తుందని తెలుసు, అందుకే కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

స్వరాలు రాసిన నోటుబుక్కు పాట ఎలా పాడాలో చెప్తుంది. ఎవరు కట్టారో చాలాసార్లు చెప్పదు. రాసుకున్నాయనకు ఆ సంగతి తెలుసు కాబట్టి రాయలేదు. తన పుస్తకంలో ప్రతి పేజీ మీదా తన పేరు వేసుకునే అలవాటు మనవాళ్ళలో ఎంతమందికి ఉంది? గురువు దగ్గర ఎక్కించుకున్న పాట, సొంతంగా కట్టిన పాట, రేడియోలో విని రాసుకున్న పాట ఒకే చేతిరాతలో పక్కపక్క పేజీల్లో ఉంటాయి. పుస్తకం దొరికిన ఇంటివాళ్ళు అన్నీ తాతవే అనుకుంటారు. పాపం వాళ్ళ తప్పు కూడా కాదు. అలా గురువు పాట శిష్యుడి పేరున, కాలేజీ పిల్లల కోసం ఎవరో కట్టిన పాట ఇంకొకరి పేరున చలామణి అయిపోతుంది. ఒకసారి యూట్యూబ్‌లో ఎక్కిందా, ఇక దాన్ని దించడం ఎవరి తరమూ కాదు.

ఒక సమాజం కట్టల్లో తేలిన సంగతి చెప్తాను. ఒక స్వాగత గీతం. బిలహరి, ఆది తాళం. పేరు లేదు, తేదీ లేదు. పేజీ పై అంచున గుండుసూది తుప్పు మరక మాత్రం ఉంది, సూది లేదు. సరిగ్గా అదే ఎత్తులో, అంతే ఎడంతో రెండు చుక్కల మరక తీర్మానాల పుస్తకంలో మడిచిపెట్టిన ఒక ఆహ్వాన పత్రిక మీద కనిపించింది. పత్రికలో వార్షికోత్సవం తేదీ ఉంది. ఆ తేదీ పట్టుకుని వెనక్కి పేజీలు తిప్పితే తీర్మానం దొరికింది: స్వాగత గీతం రాయడానికి ఒకరిని, వరస కట్టడానికి మరొకరిని కోరడమైనది అని, ఇద్దరి పేర్లతో. జమాఖర్చుల పుస్తకంలో ఆ మధ్య రోజుల్లో రిహార్సల్ టీలకు, తబలా ఆయన రిక్షాకు రాసిన పద్దులున్నాయి. వోచర్ల కట్టలో పాడిన ఇద్దరి సంతకాలున్నాయి. కవి, స్వరకర్త, గాయకులు, వాద్యం, తేదీ, వేదిక అన్నీ ఆఫీసు కాగితాల్లోనే ఉన్నాయి, పాట పేజీలో ఒక్కటీ లేదు. మన సంఘాల్లో కోశాధికారిని మించిన చరిత్రకారుడు ఉండడు. టీ ఖర్చు రాసేటప్పుడు ఆయనకు ఆ సంగతి తెలియదంతే.

ఇది మన దగ్గరే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో స్వరకర్తలు 1937లో అమెరికన్ కంపోజర్స్ అలయన్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఆరన్ కోప్లాండ్ దాని స్థాపకుల్లో ఒకరు. ఆ సంఘం పాత సంపద ఇప్పుడు మేరీలాండ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. స్వరలిపి ప్రతులతో పాటు ఉత్తరాలు, ఆఫీసు ఫైళ్ళు కూడా తీసుకుని దాచారు. మన దేశంలో పాటల రాయల్టీలు చూసే ఐపీఆర్‌ఎస్ 1969 నుంచి ఉంది. వాళ్ళ పని మొత్తం నడిచేది ఏ పాటకు మాట ఎవరిది, బాణీ ఎవరిది అన్న జాబితా మీదే. మీ రిజిస్టర్లు చేసేదీ అదే పని, చిన్న ఎత్తున.

ఇక నోటుబుక్కులు చదవడంలో ఉన్న మెలికలు. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే స్కాన్ చేసే కుర్రవాళ్ళు జాబితా తయారు చేసేటప్పుడు పొరపాట్లు దొర్లేది ఇక్కడే.

పాట తలమీద 'వరస' అనో 'మట్టు' అనో రాసి పక్కన అప్పట్లో అందరి నోళ్ళలో ఉన్న పాట మొదటి మాటలు రెండు ఉన్నాయనుకోండి, ఆ పాట బాణీ పాతది, మాటలు మాత్రమే కొత్తవి అని అర్థం. ఊరేగింపు పాటలు, ఎన్నికల పాటలు, అక్షరాస్యత పాటలు, పెళ్ళి పాటలు చాలావరకు ఇలాంటివే. అది సినిమా పాట వరస కావచ్చు, బతుకమ్మ పాట వరస కావచ్చు, భజన కీర్తన వరస కావచ్చు. అలాంటి పేజీని స్వరకర్త రచనల్లో చేర్చకూడదు. జాబితాలో 'మాట ఎవరిది', 'బాణీ ఎవరిది' అని రెండు గడులు విడిగా పెట్టండి. బాణీ గడిలో, పేజీ మీద ఉన్న వరస మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించండి.

రాగం పేరు దగ్గర ఇంకా జాగ్రత్త. మన ప్రాంతంలో కర్ణాటక సంగీతం, హిందుస్తానీ రెండూ కలిసి నడిచాయి. ఒకే మాస్టారు పొద్దున పిల్లలకు సరళీ వరసలు చెప్పి సాయంత్రం గజల్‌కు హార్మోనియం పట్టేవాడు. అందుకని పుస్తకంలో 'తోడి' అని ఉంటే ఏ తోడి? హిందుస్తానీ తోడి మన శుభపంతువరాళికి దగ్గర, కర్ణాటక తోడి స్వరాలు వాళ్ళ భైరవి థాట్‌వి (థాట్ అంటే మన మేళం లాంటిది). కర్ణాటక హిందోళం వాళ్ళ మాల్కౌన్స్. వాళ్ళ హిందోల్‌లో తీవ్ర మధ్యమం పడుతుంది, అది పూర్తిగా వేరే రాగం. కాబట్టి పేరు చూసి తేల్చకండి, కింద రాసిన స్వరాలు చూడండి. స్వరం కింద అడ్డగీత ఉంటే హిందుస్తానీవాళ్ళ భాత్‌ఖండే స్వరలిపి పద్ధతిలో అది కోమలం, అంటే తగ్గిన స్వరం. మధ్యమం మీద నిలువు గీత ఉంటే తీవ్రం, అంటే హెచ్చిన స్వరం. మన తెలుగు పుస్తకాల పద్ధతిలో స్వరాల మీద వరసగా గీసిన అడ్డగీత రెండో కాలాన్ని, అంటే రెట్టింపు వేగాన్ని చెప్తుంది. ఆ గీత పైన ఉందా కింద ఉందా అన్న ఒక్క తేడాతో పాట మారిపోతుంది. జాబితాలో రాగం పేరును మాత్రం పేజీ మీద ఉన్నట్టే రాయండి, మీకు తోచిన సవరణ వేరే గడిలో పెట్టండి.

శ్రుతి అంకె, అంటే ఏ మెట్టును ఆధార స్వరంగా పట్టుకుని పాడాలో చెప్పే అంకె, వదిలేయకండి. పేజీ మూలన '1½' అనో '4½' అనో చిన్నగా రాసి ఉంటుంది. హార్మోనియం మెట్ల లెక్కలో 1 అంటే సి, 1½ సి షార్ప్, 4½ ఎఫ్ షార్ప్, 5 అంటే జి. మగవాళ్ళు సాధారణంగా 1, 1½, 2 మీద పాడతారు, ఆడవాళ్ళు 4½ నుంచి 5½ దాకా. పాడినవాళ్ళ పేరు లేకపోయినా ఎవరి గొంతు కోసం రాశారో ఆ అంకె కొంత చెప్తుంది. అంతకంటే పెద్ద ఉపయోగం టేపుల దగ్గర ఉంది, అక్కడికి వచ్చినప్పుడు చెప్తాను.

నోటుబుక్కు స్వరాల్లో గమకాలు, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలికే ఒంపులు, ఉండవు, నడక మాత్రమే ఉంటుంది. 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించినప్పుడు గమకాలకు విడివిడిగా గుర్తులు పెట్టారు. మన హార్మోనియం మాస్టార్లకు అంత తీరిక ఎక్కడిది, పెట్టె మీద వేళ్ళకు గుర్తుండేంత రాసుకున్నారు. కాబట్టి ఆ పాటలు ఎవరైనా పెద్దవాళ్ళకు ఇంకా వచ్చి ఉంటే, వాళ్ళ ముందు పేజీ పెట్టి పాడించి రికార్డు చేయడం అన్నిటికంటే ముందు జరగాల్సిన పని. స్కానింగ్ వచ్చే ఏడాదైనా చేయొచ్చు.

ఉర్దూ మూట గురించి. దాన్ని పక్కన పెట్టేద్దామంటున్నారు కదా, నా అంచనాలో మీ గదిలో అన్నిటికంటే అరుదైనది అదే కావచ్చు. నిజాం కాలంలో సర్కారు కాగితం ఉర్దూలో నడిచేది. సభ పెట్టాలన్నా అనుమతి కావాలి, ఆ అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు పేరు విననివాళ్ళు మన దగ్గర తక్కువ. మీ సంఘానికి ముందు ఏదైనా నాటక సమాజం ఉండి, దాని కాగితాలు మీ బీరువాలోకి వచ్చి ఉంటే, అందులో ఆడే నాటకం, పాడే పాటల వివరాలతో పెట్టుకున్న దరఖాస్తులు ఉండే అవకాశం ఉంది. అంటే కార్యక్రమం జాబితా సర్కారు ముద్రతో, తేదీతో సహా దొరికినట్టే.

తేదీలు నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి, బెదిరిపోకండి. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఫసలీ అంకెకు కొంత కలపాలి. ఫసలీ ఏడాది అక్టోబర్ మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఆజూర్, దై నెలలకు 590 కలపండి. బహమన్ డిసెంబర్, జనవరిల మధ్య పడుతుంది కాబట్టి దాన్ని చూసి వేసుకోవాలి. ఆ తర్వాతి నెలలన్నిటికీ 591. ఖుర్దాద్ 1357 అని ఉంటే 1948 ఏప్రిల్ ప్రాంతం, పోలీసు చర్యకు కొద్ది నెలల ముందు. డబ్బు లెక్కల్లో 'హాలీ' అంటే నిజాం రూపాయి, 'కల్దార్' అంటే ఇంగ్లీషు రూపాయి. సుమారు 7 హాలీలకు 6 కల్దార్లు. 1957 ఏప్రిల్ దాకా అణాలు, ఆ తర్వాత నయాపైసలు. తేదీ లేని వోచర్ దొరికితే అణాలా పైసలా చూస్తే చాలు, ఏ వైపుదో తేలిపోతుంది. ఉర్దూ మీడియంలో చదువుకున్న పాత తరం వకీళ్ళు, పట్వారీల ఇళ్ళవాళ్ళు వరంగల్‌లో ఇంకా కొందరు ఉన్నారు. చేతిరాత ఉర్దూ, అందులోనూ అక్షరాలు విరిచి కలిపి గబగబా రాసే షికస్తా రాత, ఇవాళ్టి ఉర్దూ టీచర్లకు కూడా తేలిగ్గా పడదు. అందుకే ఆ పెద్దవాళ్ళను ఇప్పుడే కలవండి.

గది ఖాళీ చేయడం ఎలా? బీరువా తెరిచి అన్నీ నేల మీద కుప్ప పోసి 'పాటలు ఒకవైపు, లెక్కలు ఒకవైపు' అని విడదీయకండి. పై తుప్పు మరక కథ గుర్తుంది కదా, ఏది దేని పక్కన ఉంది అన్నదే సాక్ష్యం. ముందు ప్రతి అరనూ ఫోటో తీయండి. ఒక్కో అరకు ఒక్కో అట్టపెట్టె, పెట్టె మీద బీరువా అంకె, అర అంకె. కట్ట కట్టినట్టే ఉండాలి, లోపలి వరస మార్చకూడదు. పేజీ అంకెలు వేయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, వెనక మూలన. పెన్ను, స్టిక్కర్, రబ్బరు స్టాంపు వద్దు. మొదటి పేజీ మీద పసుపు బొట్టో 'శ్రీరామ'యో ఉంటే శుభ్రం చేసే పేరుతో చెరపకండి, కొన్ని పుస్తకాల్లో చేతిరాత ఎవరిదో పట్టిచ్చేది అదే.

తుప్పు పట్టిన స్టేప్లర్ పిన్నులు లాగితే కాగితం చిరుగుతుంది. పిన్ను కాళ్ళకూ కాగితానికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, కాళ్ళను మొద్దు చెంచా పిడితో పైకి లేపి నిలువుగా చేసి, అప్పుడు వెనకనుంచి తీయాలి. ఓపిక లేనిరోజు అలాగే వదిలేయండి, ఏమీ కాదు. లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి. ఆ వేడికి, ఆ జిగురుకి కాగితం మళ్ళీ విడిపడదు. సెల్లోటేపూ అంతే, కొన్నేళ్ళకు ప్లాస్టిక్ ఊడిపోయి గోధుమరంగు జిగురు మరక మాత్రం మిగులుతుంది.

పెట్టెలు నేల మీద పెట్టొద్దు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. కనీసం మోకాలి ఎత్తు, గోడకు తగలకుండా జానెడు ఎడం. ఎప్పుడైనా తడిస్తే ఎండలో ఆరేయకండి, ఇంకు చెదిరి కాగితం వంకర పోతుంది. నీడలో ఫ్యాన్ కింద విడివిడిగా ఆరబెట్టాలి, రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేమనుకుంటే ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో వేసి తర్వాత కొన్ని కొన్నిగా తీసుకోవచ్చు. ఐస్‌క్రీమ్ డీలర్‌ను బతిమాలితే చాలు. వేపాకు, వసకొమ్ము మూటలు పెట్టుకోవచ్చు, కానీ వాటి మీద భారం వేసి చెదలు చూడటం మానొద్దు. నాఫ్తలీన్ గోళీలు టేపుల దగ్గర అసలు వద్దు, మూసిన గదిలో మనిషికీ మంచిది కాదు.

స్కానింగ్‌కి ఫోన్ యాప్ వాడతామన్నారు. ఫోటో తీయడం వరకు సరే, ఆ యాప్‌లు పేజీని 'శుభ్రం' చేసే ఫిల్టర్‌తోనే అసలు ప్రమాదం. స్వరం పైన చుక్క ఉంటే తార స్థాయి (పై స్థాయి), కింద ఉంటే మంద్రం (కింది స్థాయి). మాస్టార్లు ఆ చుక్కను పెన్సిల్‌తో, చీమ తలంత పెట్టేవారు. ఫిల్టర్ దాన్ని దుమ్ము అనుకుని తుడిచేస్తుంది. పై షడ్జమం మధ్య షడ్జమం అయిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. కాబట్టి రంగుల్లో, ఏ ఫిల్టరూ లేకుండా. ఫ్లాట్‌బెడ్ స్కానర్ దొరికితే 400 డీపీఐ, టిఫ్ ఫార్మాట్. ఏ4 పేజీ ఒక్కోటి సుమారు 45 ఎంబీ వస్తుంది, హార్డ్ డిస్కు ధర చూసి జేపెగ్‌కి దిగకండి. జనానికి పంచే ప్రతి తర్వాత చిన్నది చేసుకోవచ్చు. ఖాళీ పేజీలు, అట్టల లోపలి వైపు కూడా స్కాన్ చేయాలి. ఫోన్ నంబర్లు, రిహార్సల్ వేళలు, ఎవరికో ఇవ్వాల్సిన అప్పు, అన్నీ అక్కడే రాస్తారు మనవాళ్ళు.

తొంభైల తర్వాత కరపత్రాలు, పాటల పుస్తకాలు కంప్యూటర్లో చేయించి ఉంటే ఆ ఫ్లాపీలు, సీడీలు పారేయకండి. అవి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవై ఉంటాయి, ఇవాళ తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, పాత డీటీపీ షాపులవాళ్ళని అడగండి.

టేపులకు వద్దాం. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి, ముందు అవి విరగ్గొట్టండి. ఇక పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరగదు. టేపు అంచుల మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, ఆ బూజు హెడ్‌కి పట్టి మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. స్పూల్ తిరిగేటప్పుడు కీచుమన్నా, జిగురుగా ఆగి ఆగి నడిచినా వెంటనే ఆపేయండి. ఆ కాలపు కొన్ని టేపుల్లో పూత తేమ పీల్చి మెత్తబడుతుంది. దాన్ని తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టి ఒకసారి ప్లే చేసుకునే పద్ధతి ఉంది కానీ అది స్టూడియోవాళ్ళ పని, ఇంటి ఓవెన్లో చేసేది కాదు. వెనిగర్ వాసన వస్తే ఆ టేపుకి కాలం దగ్గరపడింది, వరసలో దాన్ని ముందు పెట్టండి. గ్రామఫోన్ లక్క రికార్డులు ఏమైనా బయటపడితే స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది.

మార్చేటప్పుడు మూల ప్రతి డబ్ల్యూఏవీలో, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. గంటకు సుమారు 2 జీబీ. ఎంపీత్రీ వినడానికి మాత్రమే. ఇప్పుడు శ్రుతి అంకె సంగతి. పాత టేప్ రికార్డర్లు, బ్యాటరీ మీద నడిచినవి మరీ, సరైన వేగంతో తిరిగేవి కావు. నోటుబుక్కులో 4½ అని ఉండి టేపులో 5 వినిపిస్తే, ఒక్క మెట్టు తేడా అంటే వేగంలో దాదాపు 6 శాతం తేడా. అయితే మెషీన్ తేడా, లేదా ఆరోజు శ్రుతి మార్చి పాడారు. గొంతు సహజంగా ఉందా, తాళం పరుగెడుతోందా విని తేల్చుకోవచ్చు. నోటుబుక్కు పారేసి టేపు ఉంచుకున్నా, టేపు పారేసి నోటుబుక్కు ఉంచుకున్నా ఈ సరిచూసుకోవడం కుదరదు.

యూట్యూబ్ విషయం. బీరువా సంఘానిది, పాటల మీద హక్కు సంఘానిది కాకపోవచ్చు. స్వరకర్త రాతపూర్వకంగా, సంతకం పెట్టి హక్కు రాసిస్తేనే అది సంఘానికి వస్తుంది. అలా రాసిచ్చినా కాలపరిమితి చెప్పకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే లెక్కేస్తుంది. అలాంటి కాగితం ఉందో లేదో తెలిసేది, మళ్ళీ, ఆఫీసు ఫైళ్ళలోనే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మాటలు వేరు, సంగీతం వేరు. రెండింటికీ వేర్వేరు హక్కుదారులుంటారు. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కు వారసులకు ఉంటుంది. 1962లో పోయినాయన బాణీ 2023 జనవరి నుంచి అందరిదీ.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. స్వరకర్త బతికుండగా పాట అచ్చు కాకపోతే, ప్రచురణ జరగకపోతే, 60 ఏళ్ళ లెక్క ఆయన మరణం నుంచి మొదలవదు, మొదటిసారి ప్రచురించిన ఏడాది తర్వాత నుంచి మొదలవుతుంది. నోటుబుక్కులో పడి ఉన్న పాటలన్నీ ఇలా ఇరుక్కునేవే. అయితే ఈ లెక్కకు సభలో బహిరంగంగా పాడినా ప్రచురించినట్టే అని చట్టం అంటుంది. ఆయన జీవితకాలంలో ఫలానా వార్షికోత్సవంలో ఆ పాట పాడారని చూపించేది ఏమిటి? ఆహ్వాన పత్రిక, తీర్మానం, వోచర్. మీరు తూకానికి వేద్దామనుకున్న కట్ట.

రికార్డింగు మీద హక్కు ఇంకో లెక్క, ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్ళు. పాడినవాళ్ళకు, వాయించినవాళ్ళకు విడిగా 50 ఏళ్ళ హక్కు ఉంటుంది. కాబట్టి వారసుల దగ్గర చిన్న అనుమతి పత్రం తీసుకోండి: ఏ పాటలు, ఎక్కడ పెడతాం, డబ్బు వస్తే ఎవరికి, తీసేయమంటే తీసేస్తాం. నా అనుభవంలో అడిగితే కాదన్నవాళ్ళు తక్కువ, అడక్కుండా పెట్టారని అలిగినవాళ్ళే ఎక్కువ. వారసులు దొరకని పాటలకు 31ఎ సెక్షన్ కింద లైసెన్సు కోరే దారి ఉంది కానీ చిన్న సంఘం నెత్తికెత్తుకునే పని కాదు. వాటిని స్కాన్ చేసి లోపల ఉంచండి, అడిగి వచ్చినవాళ్ళకు చూపించండి. సభ్యుల ఇంటి చిరునామాలు, వైద్య సహాయం కోసం పెట్టుకున్న దరఖాస్తులు, పెండింగు చందాల జాబితాలు మాత్రం ఇంటర్నెట్‌లో ఎక్కించొద్దు.

ఎవరికి ఇవ్వాలి? నా మాట, అసలు ప్రతులు వరంగల్ దాటకూడదు. హనుమకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904 నుంచి ఉంది. విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం మన ఊళ్ళోనే ఉంది. మూడు చోట్లకూ వెళ్ళి గది చూడండి, పెట్టెలు ఎక్కడ పెడతారో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. పేరు చూసి ఇవ్వొద్దు. ప్రజా గ్రంథాలయానికి ఇవ్వడంలో ఇంకో లాభం ఉంది: లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని కాపాడుకోవడానికి డిజిటల్ ప్రతి చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, మీ అద్దె గదికి ఆ వెసులుబాటు లేదు. ఉర్దూ కాగితాల స్కాన్ ఒకటి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఇచ్చి వాళ్ళ సలహా అడగండి. టేపుల డిజిటల్ ప్రతి కోసం 1982 నుంచి సంగీత రికార్డింగులు దాస్తున్న గురుగ్రామ్‌లోని ఏఆర్‌సీఈ (ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ)కి రాయొచ్చు. హక్కులు టేపులు ఇచ్చినవాళ్ళ దగ్గరే ఉంచి, అనుమతి లేకుండా బయటపెట్టని పద్ధతి వాళ్ళది.

అసలు ఒక చోట, ప్రతులు కనీసం రెండు వేరే ఊళ్ళలో ఉండాలి. ఓరుగల్లువాళ్ళకు ఈ ముచ్చట కొత్త కాదు. గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో రాసిన నృత్య గ్రంథం నృత్తరత్నావళి మనకు దక్కింది, ఆయనదే అని చెప్పే గీతరత్నావళి దక్కలేదు.

అప్పగించే ముందు సర్వసభ్య సమావేశం పెట్టి తీర్మానం చేయండి. నలుగురు కమిటీవాళ్ళు ఫోన్లో అనుకుంటే చాలదు, రేపు ఏ సభ్యుడో సంతకం ఏదని అడుగుతాడు. తీర్మానానికి పెట్టెల జాబితా జతచేయాలి. సంస్థతో రాసుకునే ఒప్పందంలో ఇవి స్పష్టంగా ఉండాలి: కాగితాలు దానంగా ఇస్తున్నారా, భద్రపరచడానికి మాత్రమేనా. పాటల హక్కులు స్వరకర్తల వారసులవే అన్న మాట. కట్టల వరస మార్చకూడదు. ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఆ సంస్థే మూతపడితే పెట్టెలు ఎవరికి వెళ్ళాలి. ఈ చివరిది అడగడానికి మొహమాటపడతారు, పడొద్దు.

ఇక ఏదైనా పారేయక తప్పదు, చోటు లేదు అంటారా? రాయని రసీదు బుక్కులు ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. ఒకే ఆహ్వాన పత్రిక వంద కాపీలుంటే మూడు చాలు, వెనక ఏమైనా రాసి ఉందేమో చూసిన తర్వాతే. కరెంటు బిల్లులు, పేపరు బిల్లులు ఏడాదికి ఒకటి నమూనాగా ఉంచుకోండి. వార్తాపత్రికల పాత సంచికల్లో సంఘం వార్త ఉన్న పేజీ తీసుకుని, పత్రిక పేరు, తేదీ పెన్సిల్‌తో రాసి, విడి కవర్లో పెట్టండి. పత్రిక కాగితం పక్కన ఏది ఉన్నా దాన్ని పసుపు పట్టిస్తుంది. షీల్డులు, కప్పులు మీ ఇష్టం, వాటి మీద చెక్కిన పేర్లు, తేదీలు ఫోటో తీస్తే చాలు.